ఎలుక లివర్, చేప లివర్

టామోక్సిఫెన్ అనే మందు ఎలుకలకు లివర్ క్యాన్సర్ తెస్తుందన్నది నిజం. ఆ ఒక్క ముక్క నెట్‌లో చదివి, రొమ్ము క్యాన్సర్‌కు డాక్టర్ రాసిన మాత్ర ఆపేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

1990ల మొదట్లో జరిగిన ప్రయోగాల్లో ఎలుకలకు రెండేళ్లపాటు రోజూ కిలో బరువుకు 5 నుంచి 35 మిల్లీగ్రాముల చొప్పున ఈ మందు పట్టించారు. డోసు పెరిగేకొద్దీ లివర్‌లో గడ్డలూ పెరిగాయి. మహిళలు మామూలుగా వేసుకునేది రోజంతటికీ 20 మిల్లీగ్రాములే. తేడా డోసులోనే ఉంటే ఊరట సగమే అనుకోవాలి. ఎలుక లివర్‌లోని ఎంజైములు ఈ మందును డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తాయి. మనిషి లివర్‌లో ఆ మార్పు చాలా తక్కువ. మధ్యలో పుట్టిన పదార్థాన్ని అది ఎక్కువగా హాని లేని రూపంలోకి మార్చి బయటికి పంపేస్తుంది. అంతెందుకు, చిట్టెలుకల్లో కూడా ఈ లివర్ గడ్డలు రాలేదు. దీనికి దగ్గరి చుట్టమైన టోరెమిఫెన్‌లో ఒక క్లోరిన్ పరమాణువు అదనం. దానితో ఎలుకలకూ ఆ గడ్డలు రాలేదు.

అలాగని ఎలుకను కొట్టిపారేయలేం. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయోల్ అనే హార్మోన్‌ను కొద్ది రోజులు ఇస్తే చాలు, ఎలుక లివర్‌లో పైత్యరసం పారడం మందగిస్తుంది. కొందరు గర్భిణులకు చివరి నెలల్లో ఒళ్లంతా దురద పెట్టేదీ ఇలాంటి అడ్డంకి వల్లే. ఇక్కడ ఎలుక, మనిషి ఒకే మాట చెబుతున్నాయి. పిల్స్ ఏళ్ల తరబడి వాడిన కొందరు మహిళల లివర్‌లో, అరుదుగానే అయినా, క్యాన్సర్ కాని గడ్డలు 1970ల్లో బయటపడ్డాయి.

టామోక్సిఫెన్‌తో మనుషులకు ఉన్న ముప్పులు వేరు. లివర్‌లో కొవ్వు పేరుకోవచ్చు. గర్భసంచి లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1996లోనే తేల్చింది, రెండో రొమ్ముకు క్యాన్సర్ రాకుండా కాపాడుతుందనీ చెప్పింది. ఓపీలో ఎంత రద్దీ ఉన్నా చీటీ రాసేటప్పుడే ఈ రెండు మాటలూ చెప్పాలి. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే వెంటనే రమ్మని మరీ చెప్పాలి. ఆ రెండు నిమిషాలు దొరక్కపోతే మిగతాది వాట్సాప్ చెబుతుంది.

ఇక మన ఊరి సంగతికి ముందు ఒక చేపల కథ. కెనడాలోని ఒక చిన్న సరస్సులో 2001 నుంచి 2003 దాకా ఇదే ఇథినైల్ ఎస్ట్రాడయోల్‌ను కావాలనే కలిపి చూశారు. లీటరుకు 5, 6 నానోగ్రాములు, అంటే గ్రామును వందకోట్ల భాగాలు చేస్తే అందులో ఐదారు. మగ చేపల లివర్ ఆడ చేపల్లా గుడ్డు సొన ప్రొటీన్ తయారు చేయడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకే ఒక రకం చిరుచేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఎలుకల డోసు పెద్దదని తోసిపుచ్చినవాళ్లకు ఇక్కడ ఆ సాకు లేదు.

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) రాజధాని అని చెప్పుకునే హైదరాబాద్‌కు ఇది దూరపు కబురు కాదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి ఇసకవాగులోకి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అది యాంటీబయోటిక్, హార్మోన్ కాదు. కానీ శుద్ధి దాటుకుని ఒక మందు వాగులో పడిందని తేలాక, ఇంకొకటి పడటం లేదని నమ్మకం మీద వదిలేయలేం. పైగా పిల్స్ హార్మోన్ ఫ్యాక్టరీల నుంచే రానక్కర్లేదు, ఇళ్ల మురుగులోనూ వస్తుంది.

మగ చేప రక్తంలో ఆ సొన ప్రొటీన్ ఉందో లేదో చూడటం బ్రహ్మవిద్యేం కాదు. ఆ చేప తింటే హాని అని కాదు, నీటిలో ఏముందో అది చెబుతుంది. తార్నాక, హబ్సిగూడల్లోనే ఎన్ఐఎన్ (పోషకాహారం), ఐఐసీటీ (రసాయనాలు), సీసీఎంబీ (జీవకణాలు) పరిశోధన సంస్థలు ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి వాటి సాయంతో మూసీ, ఇసకవాగు, నక్కవాగు చేపలను ఏటా పరీక్షించాలి. మొదటి ఫలితాలను వచ్చే మృగశిర కార్తెలోపే తన వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టాలి.