మా డాబా పైపుకు కట్టిన గుడ్డపీలిక గారికి

సీతమ్మధార, విశాఖపట్నం
మే నెల, మిట్టమధ్యాహ్నం

గౌరవనీయులైన గుడ్డపీలిక గారికి,

నమస్కారాలు. ఒకప్పుడు తమరు మా నాన్నగారి ఆకుపచ్చ గళ్ళ లుంగీ. చిరిగాక కొన్నాళ్ళు తుడుపుగుడ్డగా చేసి, ఆ తర్వాత ప్రమోషన్ మీద డాబా ఎక్కి, ట్యాంకు పైపుకు ప్లంబరుగా చేరారు. ఆ రోజు నాన్న మిమ్మల్ని మూడు చుట్లు చుట్టి, పురికొసతో బిగించి, మెట్లు దిగుతూ "రేపు ప్లంబరొస్తాడు, అందాకా ఇదుంటుందిలే" అన్నారు. మూడు వేసవుల కిందటి మాట అది. ఫోన్ చేసినప్పుడల్లా ప్లంబరు దారిలోనే ఉంటాడు.

మీ పనితనం మాత్రం ఒప్పుకోవాలి. మీరు రాకముందు ఆ లీకు రాత్రంతా టప్పు టప్పుమంటూ నిద్ర పట్టనిచ్చేది కాదు. మీరొచ్చాక చప్పుడు లేదు. మీ కొస ఒకటి జడకుచ్చులా కిందికి వేలాడుతుంది కదా, చుక్క దాని వెంటే జారి గోడ మీదుగా దొంగలా దిగిపోతుంది. చప్పుడు ఆగింది, నీళ్ళు ఆగలేదు. మా ఇంట్లో దీన్నే రిపేరు అంటారు.

మొన్న ఉండబట్టలేక రాత్రి పదింటికి మీ కొస కింద బకెట్ పెట్టాను. పొద్దున ఆరింటికి చెంబుతో కొలిస్తే ఆరు చెంబులు! సెకనుకు ఒక్క చుక్క చొప్పున వేసుకున్నా రోజుకు 86,400 చుక్కలు. తాటిపూడి దగ్గర ఆపిన గోస్తనీ నీళ్ళు, రైవాడ నీళ్ళు, మేఘాద్రిగెడ్డ నీళ్ళు, ఏలేరు కాలవ నీళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఊరికొచ్చి, మా సంపులో పడి, మోటారు తోస్తే డాబా ఎక్కి, చివరికి మా నాన్న లుంగీ కొస పట్టుకుని పిట్టగోడ దిగిపోతున్నాయి. కిందేమో మేం వీధిలో నిలబడి "ఈ ఏడు నీళ్ళకి మహా కటకటగా ఉందండీ" అని బుగ్గలు నొక్కుకుంటున్నాం.

ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే, మిమ్మల్ని విప్పాను. తమరు దాచిపెట్టిన సంగతి అప్పుడు బయటపడింది. పైపును, నీళ్ళు కట్టేసే గేటు వాల్వుకు కలిపే ఇనప నిపుల్, అంటే మరలున్న చిన్న గొట్టం ముక్క, వేలు తగిలితే చాలు, పెచ్చులు పెచ్చులుగా రాలింది. అసలే సముద్రపు గాలి, ఉప్పు. దాని మీద మీరు మూడేళ్ళు తడిగుడ్డ కప్పుకుని కూర్చున్నారు. కన్నం సూదిమొనంత ఉన్నప్పుడు కనిపించి ఉంటే ఎవరైనా పట్టించుకునేవారేమో!

తప్పంతా మీదేనని అనను. పీవీసీ పైపు ఎండకు పొడుగవుతుంది, రాత్రికి కుంచించుకుంటుంది. మూడు మీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే అయిదారు మిల్లీమీటర్లు సాగుతుంది. నెలల తరబడి రోజూ ఈ గుంజాటన ఉంటే ఏ జాయింటైనా వదులవుతుంది. పైగా ఎండ తగిలిన పైపు పెళుసెక్కుతుంది. దానికి తెల్ల పెయింటు పూత వేయించమని ఇల్లు కట్టినప్పుడే మేస్త్రీ చెప్పాడట. నాన్నకు గుర్తు లేదు.

పని పెద్దదేం కాదు. గేటు వాల్వు కట్టేసి, కింద కుళాయిలన్నీ తిప్పి పైపు ఖాళీ చేసి, పాత నిపుల్ తీసి, ఇత్తడిది పెట్టడం. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పని వాల్వు బిగుసుకుపోయి, దాన్ని కదిలించడానికే అరగంట పట్టింది. నీళ్ళు కారకుండా మరకు చుట్టే తెల్ల టేపు దగ్గర మాత్రం పరువు పోయింది. మర కొస మనకేసి పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. నేను ఎదురు చుట్టాను. బిగిస్తుంటే టేపంతా సేమియాలా ముద్దకట్టి బయటికొచ్చేసింది. మర తుడిచి, పొడిగా ఆరాక మళ్ళీ చుడితే చుక్క కూడా కారలేదు.

మీ ఇతర శాఖల సంగతీ చూడాలి. మీలోంచి చింపిన ముక్క ఒకటి చుట్టాల బాత్రూములో జాలీ కింద కుక్కి ఉంది. బొద్దింకలూ వాసనా రాకుండా అమ్మ పెట్టిందట. జాలీ కింద ట్రాపు అనే వంపులో నిలిచిన నీళ్ళే వాటికి అడ్డు. వాడని బాత్రూము కాబట్టి ఆ నీళ్ళు ఆరిపోయాయి, అంతే. రెండు మగ్గుల నీళ్ళు, పైన ఒక చెంచా కొబ్బరినూనె పోస్తే సరిపోయింది. నూనె తెట్టు ఉంటే నీళ్ళు తొందరగా ఆరవు.

చందనోత్సవం నాడు మాత్రం మీరు నిజంగా ఆదుకున్నారు. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనానికి వచ్చిన పదకొండుమంది చుట్టాలు తెల్లవారుజామున రెండింటికే స్నానాలు మొదలెట్టి ట్యాంకు అడుగంటించారు. మళ్ళీ నింపినా బాత్రూము కుళాయి గుడగుడమందే తప్ప చుక్క రాల్చలేదు. మా బాబాయి ట్యాంకులో చెత్త అడ్డుపడిందన్నాడు, పెద్దమ్మ ఎవరిదో దిష్టన్నది. తీరా చూస్తే పైపులో గాలి పట్టేసింది. మున్సిపల్ నీళ్ళు వదిలే వేళకు పెరటి కుళాయి నుంచి బాత్రూము కుళాయికి గొట్టం కలిపి, రెండూ తిప్పితే, కింది తోపుకు గాలి పైకెళ్ళి ట్యాంకులో బుడబుడలాడుతూ బయటపడింది. గొట్టం ఊడిపోకుండా రెండు చివర్లా బిగించి కట్టింది మీలోంచి చింపిన పీలికలతోనే. ఆ మేలు మరవను.

అయినా ఇక డాబా మీది కొలువు నుంచి మీకు విశ్రాంతి ఇస్తున్నాం. పారేద్దామనుకుంటే అమ్మ ఒప్పుకోలేదు. "పారీకు నాయనా, ఎందుకైనా పనికొస్తాది" అంది. అమ్మ మాటే నెగ్గింది. నిన్న వంటింటి కుళాయి విప్పుతుంటే స్పానరు పళ్ళు పడి మెరుపు గీసుకుపోతుందేమోనని మధ్యలో మీ ముక్క ఒకటి వేశాను. గీత పడలేదు. లోపల వాషరు రాయిలా గట్టిపడి, నడుమ గాడి పడి ఉంది. కొత్తదానికి ఒక టీ ఖరీదు కూడా కాలేదు.

కాబట్టి తమరికి కొత్త పోస్టింగు స్పానరు సంచిలో. సోమవారంలోగా చేరగలరు. వచ్చేముందు ఒక్కరోజు దండెం మీద ఆరి రండి. ఈ మూడేళ్ళలో తమరు పొడిగా ఉండగా చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఇట్లు,
ఆ లుంగీ ఆసామి పెద్దకొడుకు