బాపు గుండెలోని పూత గారికి

మహారాజశ్రీ స్టెంట్ మీది పూత గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మా బాపు గుండె రక్తనాళం పూడకుండా పెట్టిన జాలీ గొట్టం, అదే స్టెంట్, దాని మీద తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. తలవక చేసేదేముంది, తొంగి చూడలేను కదా.

నిన్న బాపుకు పన్ను పీకించడానికి హన్మకొండ చౌరస్తాకు తీసుకుపోయాను. పళ్ల డాక్టర్ నోరు చూడకముందే అడిగింది తమరి గురించే. ఏ స్టెంట్, మందు పూత ఉన్నదా, ఎప్పుడు వేశారు, స్టెంట్ వివరాల కార్డు ఏది? రక్తం పలచబడే గోలీలు కొనసాగించాలో ఆపాలో గుండె డాక్టర్ రాసిస్తే తప్ప పన్ను ముట్టనన్నాడు. న్యాయమే. కానీ మా దగ్గరున్నది బిల్లు ఒక్కటే. అందులో ‘ప్యాకేజీ’ అని ఒకే మాట, పక్కన ఒకే అంకె.

2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసినప్పుడే, బిల్లులో స్టెంట్ ధర, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా రాయాలని చెప్పింది. అప్పుడు ఉత్త లోహపు స్టెంటుకు 7,260, మందు పూసినదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధర. మధ్యలో ఉన్న 22 వేల పైచిలుకు తమరే. వెంట్రుక మందం కూడా ఉండరు, ఆ రేటుకు పేరైనా చెప్పరా?

తమరి గొప్పతనాన్ని కాదనను. ఉత్త లోహం పెడితే ఒళ్లు దాన్ని గాయమనుకుని పైన కండ పెంచుతుంది, నాళం మళ్లీ పూడుకుపోతుంది. తమరేమో ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లో దాచుకున్న సిరోలిమస్ లాంటి మందును వారాల తరబడి కొద్దికొద్దిగా వదులుతూ ఆ కండను ఆపుతారు. ఆ సిరోలిమస్ పుట్టింది ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి. 1964లో బయల్దేరిన ఓ పరిశోధక బృందం ఆ మట్టి తెచ్చింది. మందును వెలికితీసిన శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్, తన కంపెనీ దాన్ని పక్కన పడేస్తే ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. పసిఫిక్ సముద్రం నడుమ నుంచి వచ్చిన మట్టి జాడ లోకానికి తెలుసు. ఆస్పత్రి రెండో అంతస్తు నుంచి కిందికి దిగిన మా బాపు ఫైలు జాడ మాత్రం ఎవరికీ తెలియదు.

తమరి పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ ఏదని స్టెంట్ వేసిన ఆస్పత్రి కౌంటర్లో అడిగితే అక్కడి పిలగాడు అన్నాడు: “స్టిక్కర్ కేస్ షీటుకు అంటించి ఉంటదన్నా. కేస్ షీటు రికార్డు రూములో ఉంటది. రికార్డు రూము సారు అన్నానికి పోయిండు.” సారు అన్నం తిని, చాయ్ తాగి, ఎవరికో ఫోన్ చేసి, నాలుగు దాటాక వచ్చాడు. ఫైలు దొరికింది. స్టిక్కర్ ఉండాల్సిన చోట పసుపుపచ్చ జిగురు మరక, దాని మీద ఓ దుమ్ము పోగు. వేలితో గీకి చూశాను కూడా. స్టిక్కరే నిలవని ఆ ఆస్పత్రిలో తమరైనా సరిగ్గా అంటుకున్నారా, లేదా? ఆ రాత్రంతా అదే టెన్షన్.

తమలో కొందరు నెలల్లో కరిగిపోతారట, కొందరు ఉన్నన్నాళ్లూ ఉంటారట. మొదటి తరం వాళ్లు ఏళ్ల తర్వాత కూడా రక్తం గడ్డకట్టిస్తున్నారని 2006లో పెద్ద గోల జరిగింది. తమరు ఏ బాపతో తెలియకుండా గోలీ గురించి ఏ డాక్టరు మాత్రం ఏం రాస్తాడు? అప్పట్లో ఐసీయూ తలుపు దగ్గర “ఇంపోర్టెడ్ వేద్దామా, మనదేశంది వేద్దామా?” అని చీరల షాపులో అడిగినట్టు అడిగిన అమ్మాయికి తమరి పేరు నోటికి వచ్చు. డబ్బు కట్టాక ఎవరికీ రాదు. “వెల్లుల్లి తింటే పోయేదానికి...” అన్న మా చిన్నమామ సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

బాపుకు దవడ వాచింది. మక్క గట్క తప్ప ఏదీ మింగలేకపోతున్నాడు. అయినా “పానం నిలబెట్టిన దాన్ని తిట్టకురా” అని తమరినే వెనకేసుకొస్తున్నాడు. సరే, తమరిని తిట్టను. రేపు పొద్దున కౌంటర్ తెరవకముందే అక్కడుంటాను. బ్యాచ్ నంబరు ఇవ్వకపోతే ఆ ప్యాకేజీ బిల్లు పట్టుకుని నేరుగా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికే పోతాను.

ఇట్లు,
బిల్లు కట్టినవాడు