మూకీ సినిమాలో మిర్చి రేటు

ఊరికే వచ్చేదంటే మా పెద్దమ్మకు మహా అనుమానం. కండ్ల డాక్టరుకు చూపించుకోవడానికి పరకాల నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. హన్మకొండలో ఒక యూనివర్సిటీ వాళ్లు పాత సినిమా ఉచితంగా వేస్తున్నారు, పోదాం పద అన్నాను. "పైసలు తీసుకోకుండ సిన్మా ఎట్ల చూపిస్తర్రా? లోపలికి పోయినంక తలుపులు పెట్టి కుక్కర్లు అమ్ముతరు" అంది. కృష్ణుడి సినిమా అని చెప్పాక గానీ చెప్పుల్లో కాళ్లు పెట్టలేదు.

సినిమా పేరు 'కాళియ మర్దన్'. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన మూకీ. అందులో బాలకృష్ణుడు ఆయన కూతురు మందాకినే.

ముందు ప్రసంగాలు. తర్వాత వచ్చేది మూకీ కదా, మాటలన్నీ ఇప్పుడే వాడేసుకుందామనుకున్నారేమో, మైకు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉంది. ఒకాయన మాత్రం నిజంగా తెలిసినాయన. మన దేశంలో 1300కు పైగా మూకీలు తీస్తే, పూర్తిగానో ముక్కలుగానో దొరికేవి 30 దాకానే అన్నారు. అప్పటి నైట్రేట్ ఫిలిం నిప్పు తగిలితే భగ్గుమనేది, అట్లా కొన్ని పోయాయి. కొన్నిటిని అందులో ఉన్న వెండి కోసం కరిగించేశారు. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో పెట్టేనాటికే చాలావరకు మాయమయ్యాయట.

అప్పటిదాకా కునుకు తీస్తున్న పెద్దమ్మ 'వెండి' అనగానే కళ్లు తెరిచింది. "ఒక్క సిన్మాకు ఎన్ని తులాలు ఎల్తదట?" అని నన్నే అడిగింది గానీ, ఆమె గొంతు పొలం గట్ల మధ్య పెరిగిన గొంతు. స్టేజీ మీదికి వినిపించింది. వక్త గారు మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు.

ఎట్టకేలకు లైట్లు తీశారు. మొట్టమొదట ఆ చిన్నపిల్ల ముఖమే తెర మీదికి వచ్చి రకరకాల హావభావాలు చూపిస్తుంది, ఆ తర్వాతే కృష్ణుడవుతుంది. పెద్దమ్మకు పిల్ల తెగ నచ్చింది. ఇక చూడండి, ఏ సీను ఏమిటో చుట్టుపక్కల నాలుగు వరసలకూ చెప్పడం మొదలుపెట్టింది. మూకీల కాలంలో తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడట. ఆయనకు జీతం ఇచ్చేవాళ్లు, అంతే తేడా.

సినిమాకు తోడుగా వేణువు పెట్టారు. అది ఒక స్టూడెంట్ ఫోన్లోంచి బ్లూటూత్ మీద స్పీకర్లకు వస్తోంది. ఫోను స్టేజీ మీద పోడియంలో, ఆ అబ్బాయి వెనక ప్రొజెక్టర్ దగ్గర. కృష్ణుడు యమునలో దూకాడు. యశోద గట్టున గుండెలు బాదుకుంటోంది. వేణువు టక్కున ఆగి, హాలు అదిరేలా డీజే రింగ్‌టోన్!

అటెండర్ పరుగెత్తాడు. ఫోన్ కట్ చేద్దామనే పాపం ఆయన ఉద్దేశం. చీకట్లో బొటనవేలు అటు జరగాల్సింది ఇటు జరిగింది.

"ఏడున్నవ్ బిడ్డా?"

తెర మీద యశోద నీళ్లలోకి చేతులు చాపి నోరు కదుపుతోంది. ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. "డబ్బింగ్ చేయించినట్టున్రు" అన్నాడు నా వెనకాయన మెచ్చుకోలుగా.

"పొద్దటి సంది చేస్తున్న, ఎత్తవేందిరా? తిన్నవా?"

అప్పుడు పేలింది హాలు. అటెండర్ ఇంక ఏది నొక్కితే ఏమవుతుందోనన్న టెన్షన్‌లో ఫోన్ బోర్లా పెట్టేసి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. తల్లి ఎవరి జవాబు కోసమూ ఆగే రకం కాదు.

"మీ బాపు మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు తోలిండు. తాలున్నదని రేటు కోసిన్రట. గా దళారోడున్నడు సూడు..."

సరిగ్గా అప్పుడే కాళియుడు కనిపించాడు. వెనక నుంచి ఈలలు.

ఆ అబ్బాయి చీకట్లో స్టేజీ వైపు ఉరికాడు, దారిలో ప్రొజెక్టర్ వైరు కాలికి తగిలింది. బొమ్మ పోయింది, మాట మిగిలింది. 1919 నాటి మూకీ కాస్తా రేడియో నాటకమై కూర్చుంది.

"ఎవలురా గా నవ్వేది? ఎవలున్నరక్కడ?"

హాలు ఊపిరి బిగబట్టింది. మా పెద్దమ్మ లేచి నిలబడింది. "ఓ చెల్లే! నీ కొడుకు మాకు సిన్మా ఆడిస్తుండు. మంచిగనే ఉన్నడు, రంది పడకు."

"సిన్మానా? పరీక్ష ఫీజని మొన్ననే పైసలు పట్కపోయిండు గదా!"

ఉరికే అబ్బాయి నడుమ దారిలో ఆగిపోయాడు. ఇంకో అడుగు వేయాలా, వెనక్కి తిరిగి గేటు దాటి పోవాలా అన్న సందేహం వీపులోనే తెలుస్తోంది. పెద్దమ్మకు ఆ గొడవ పట్టలేదు. "గా రేటుకు ఎందుకు అమ్ముడు? కోల్డ్ స్టోరేజిల పెట్టున్రి" అంటోంది. అవతల నుంచి "కిరాయి ఎవలు కట్టాలె అక్కా" అని దీర్ఘం. కౌలు, కూలీలు, పురుగు మందుల దాకా పోయాక గానీ ఆ అబ్బాయి ఫోను అందుకుని, "మల్ల చేస్తనే అమ్మా" అని గొణగలేకపోయాడు. అదీ స్పీకర్లలోనే వచ్చింది.

మళ్లీ సినిమా వేశారు గానీ వేణువు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పడగ మీద నాట్యం చప్పుడు లేకుండానే సాగింది. పెద్దమ్మ వైపు చూసినవాళ్లే ఎక్కువ, ఆమె నిరాశపరచలేదు.

బయటికి వస్తుంటే అభిప్రాయాల కాగితం చేతిలో పెట్టారు. మీకు బాగా నచ్చినదేమిటి, ఇంకా ఏం మెరుగుపరచాలి అని రెండు ప్రశ్నలు. పెద్దమ్మ చెప్పింది, నేను రాశాను: "యశోదమ్మ మాట మంచిగున్నది, మన దిక్కు మాటే. కిట్టయ్యకు సుత ఎవలతోనన్న చెప్పిస్తే బాగుండు."