హెల్మెట్ లేనివాళ్లకి గుహల్లో ఏం పని?

ఈ దేశంలో ఎవరు పడితే వాళ్లు గుహల్లోకి దూరిపోతున్నారు. ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా, ఆ బరువు నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

మొన్న శనివారం బెలుం గుహల్లో, నేలకి 150 అడుగుల లోతున ఉన్న పాతాళగంగ దగ్గరికి చేరుకున్నాను. చేరుకోవడం అంటే మామూలుగా కాదు. మోకాళ్లకి ప్యాడ్లు, మోచేతులకి ప్యాడ్లు, తలకి హెల్మెట్, హెల్మెట్‌కి ఒక లైటు, మెడలో ఇంకో లైటు, జేబులో మూడోది, వీటన్నిటి కింద మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా కుట్టిన ఎర్రటి సూటు, ఆ సూటు లోపల ఇడ్లీలా ఉడుకుతున్న నేను. తీరా అక్కడ చూస్తే ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎగదోపుకుని, హవాయి చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ నీళ్లు తీరిగ్గా నెత్తిన చల్లుకుంటోంది. నన్ను ఎగాదిగా చూసి, "కరెంటు పనికొచ్చినావా నాయనా? ఆ మలుపు కాడ లైటు పోయింది, చూడుపో" అంది.

ఇది నాకు జరిగిన అవమానం అనుకుని రాస్తున్నది కాదు. (అవమానమే. కానీ విషయం అది కాదు.) గుహాన్వేషణ అనే ఒక గంభీరమైన క్రీడకి జరిగిన అవమానం.

మా క్లబ్బు సంగతి చెప్పాలి. పదకొండు మంది స్నేహితులం, హైదరాబాద్‌లో వారానికి ఐదు రోజులు కుర్చీలకి అతుక్కుపోయి బతికేవాళ్లం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, మాది దానికి సరిగ్గా తిరగేసిన కేసు. అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉన్నాడు, కోశాధికారి, భద్రతాధికారి కూడా ఉన్నారు, టీషర్టులు రెండు రంగుల్లో ఉన్నాయి, పేరే లేదు. రెండేళ్లుగా చర్చ నడుస్తోంది. టీషర్టు మీద పేరు రావాల్సిన చోట ప్రస్తుతానికి గబ్బిలం బొమ్మ వేయించాం. అది గొడుగు అనుకుని, "వానాకాలం ఆఫరా?" అని అడిగింది మా ఆవిడ.

శుక్రవారం రాత్రి గ్రూపులో "రేపు పొద్దున 4 గంటలకి" అని పడగానే పదకొండు మందీ బొటనవేళ్లు ఎత్తుతారు. శనివారం పొద్దున కారెక్కేది నలుగురం. ఒకడికి బావమరిది దిగుతాడు, ఒకడికి నడుం పట్టేస్తుంది, ఒకడు ఫోనే ఎత్తడు. ఆంధ్రులు ఆరంభశూరులు అన్న మాట తెలంగాణ వాళ్లకి కూడా వర్తిస్తుందని మా క్లబ్బు ఆధారాలతో సహా నిరూపించింది. అయినా నలుగురు ఉంటే చాలు, అంతకన్నా తగ్గకూడదు. ఇది మా భద్రతాధికారి సొంత రూలు కాదు, ప్రపంచంలో గుహల్లో తిరిగేవాళ్లంతా పాటించేదే: ఒకడికి దెబ్బ తగిలితే ఒకడు తోడుండాలి, ఇద్దరు బయటికెళ్లి సాయం తేవాలి. ఎన్నింటికి బయటికొస్తామో ముందే ఇంట్లో చెప్పి వెళ్లాలి. మనిషికి మూడు లైట్లుండాలి. అందరిలో నెమ్మదిగా నడిచేవాడి వేగమే జట్టు వేగం. ఈ చివరి రూలు మేము హైవే మీద టిఫిన్ల దగ్గర తు.చ. తప్పకుండా పాటించాం కాబట్టి, మూడొందల పైచిలుకు కిలోమీటర్ల దారిలో కర్నూలు దాటేసరికే మిట్టమధ్యాహ్నం అయింది.

మా ఇళ్లల్లో దీన్ని సరదా అంటారు. సరదా! మా అమ్మ అయితే థాయ్‌లాండ్ సంగతి ఎత్తుతుంది. 2018 జూన్ 23న 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లి వరదనీళ్లకి లోపలే చిక్కుకుపోయారు, అందరూ బయటపడేసరికి జూలై 10 అయింది. "టీవీలో చూశాం కదరా, మళ్లీ నువ్వెందుకు?" అంటుంది. నేను చెప్పేది కూడా అదే గుహ గురించే. తొమ్మిది రోజుల తర్వాత ఆ పిల్లల్ని మొదట కనిపెట్టిన ఇద్దరు బ్రిటిష్ డైవర్లలో రిక్ స్టాంటన్ రిటైరైన ఫైర్‌మన్, జాన్ వోలాంథెన్ ఐటీ కన్సల్టెంటు. ఇద్దరూ గుహల్ని సరదాకి మొదలుపెట్టినవాళ్లే. ఆయన ఐటీ, నేనూ ఐటీ. ఇంతకుమించి పోలికలు వెతకడం పద్ధతి కాదు.

సాధన విషయంలో కూడా మమ్మల్ని వేలెత్తి చూపడానికి లేదు. ఇరుకు సందుల్లో దూరేటప్పుడు ఊపిరి వదిలేసి, పక్కటెముకలు లోపలికి పోయిన ఆ క్షణంలో ముందుకి జరగాలి. ఈ మెళకువ నేర్చుకోవడానికి మా అధ్యక్షుడు తన ఇంట్లో దివాన్‌కాట్ కింద దూరాడు. ఊపిరి వదిలాడు, సగం దాకా వెళ్లాడు, అక్కడ ఊపిరి పీల్చుకున్నాడు. దాంతో ఆయన పొట్ట, కాట్ పట్టీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకున్నాయి. పరుపు తీసి, చెక్కలు తీసి, చివరికి ఎదురింటాయన్ని పిలిచి కాట్ లేపాల్సి వచ్చింది. దాన్ని మేము 'విజయవంతమైన రెస్క్యూ డ్రిల్' అని రిజిస్టర్‌లో రాసుకున్నాం.

ఇంత చేసి వెళితే, మాకన్నా ముందే అక్కడికి ఎవరో ఒకరు వచ్చి ఉంటారు. నా బాధంతా ఇదీ.

బొర్రా గుహలు తీసుకోండి. పైన కన్నంలోంచి ఆవు లోపల పడిందట, దాన్ని వెతుక్కుంటూ పశువుల కాపరి దిగాడట, శివలింగం కనబడిందట. తాడు లేదు, జట్టు లేదు, కనీసం ఎన్నింటికి తిరిగొస్తుందో ఇంట్లో చెప్పి కూడా రాలేదు ఆ ఆవు. అలాంటి బాధ్యత లేని ఆవు పేరు మీద స్థలపురాణం ఉంది, మా పేరు మీద టోల్ రసీదులున్నాయి. పోనీ, తెల్లదొరలైనా కాస్త క్రమశిక్షణగా కనుక్కున్నారా అంటే అదీ లేదు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ ఈ గుహల్ని కనుగొన్నాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టింది 1851లో! ఆఫీసు పెట్టడానికి 44 ఏళ్ల ముందే డ్యూటీకి వచ్చిన ఇలాంటి ఉద్యోగి మా కంపెనీకి దొరికితే బాగుండునని మా మేనేజర్ చాలాసార్లు అన్నాడు.

యాగంటికి వెళ్తే అగస్త్యుడు ముందే వచ్చి కూర్చున్నాడు. బనగానపల్లె పక్కన రవ్వలకొండకి వెళ్తే వీరబ్రహ్మంగారు. ఆయన ఆ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారు. హెడ్‌ల్యాంపు లేకుండా జరగబోయేదంతా రాసిపెట్టారు ఆయన. మేము మనిషికి మూడేసి లైట్లతో వెళ్లి, బెలుంలో కుడి చేతికి తిరిగామో ఎడమ చేతికి తిరిగామో రాసుకోలేకపోయాం.

బెలుం గురించి మాత్రం నిజాయితీగా మాట్లాడుకోవాలి. బిలం అన్న మాటలోంచి వచ్చింది ఆ పేరు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, కొలిమిగుండ్ల దగ్గర. పైనుంచి చూస్తే ఎండిన చేలు, మధ్యలో పాడుబడ్డ బావుల్లాంటి గోతులు, అంతే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త దాని గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరికీ పట్టలేదు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన జట్టుతో వచ్చి లోపలంతా కొలుచుకుంటూ తిరిగాడు. 3,229 మీటర్లు తేలింది. మేఘాలయ గుహల్ని పక్కన పెడితే మన దేశంలో ఇంత పొడవైనది లేదంటారు. అప్పట్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ గోతుల్లో చెత్త పోసేవారట. 2002లో మెట్లు, లైట్లు, లోపలికి గాలి కొట్టే గొట్టాలు పెట్టి జనానికి తెరిచారు. పర్యాటకులు నడిచేది అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా. మిగతా సగంలోకి పంపమని మేము కౌంటర్ దగ్గర టీషర్టులు చూపించి అడిగాం. ఆయన గబ్బిలం బొమ్మ కేసి చూసి, "ఏ స్కూలు సార్?" అన్నాడు.

లోపల ఉక్కపోత గురించి ఎవరూ చెప్పరు. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని వెళ్తాం, అది మూతపెట్టిన కుక్కర్. పది నిమిషాల్లో నా సూటు నాలుగు కిలోలు పెరిగింది. నా ముందు మెరూన్ లుంగీలో ఒకాయన ఒళ్లో పిల్లాడితో, భుజాన తువ్వాలుతో, ఫోన్లో టార్చి వేసుకుని ఈల వేస్తూ వెళ్తున్నాడు. నేను పాక్కుంటూ వెళ్లిన చోట ఆ పిల్లాడు దిగి పరిగెత్తాడు. "నాన్నా, ఈ అంకుల్ ఎందుకు పాకుతున్నాడు?" అనడిగాడు. ఆ చోట పాకాల్సినంత ఇరుకేమీ లేదన్న మాట నిజమే. కానీ మోకాళ్ల ప్యాడ్లు కొన్నది దేనికి?

సప్తస్వరాల గుహలో రాతి ఊడల్ని కర్రతో తడితే ఇనుము మోగినట్టు మోగుతాయి. అక్కడ మా కోశాధికారికి సంగీతం గుర్తొచ్చింది. ఇప్పుడు కాసేపు నిజంగా సీరియస్‌గా చెప్తున్నాను, నవ్వకండి. వాననీళ్లు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడు కలుపుకుని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఆ నీళ్లు కప్పులోంచి బొట్టు బొట్టుగా కారుతూ, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే వదిలేస్తుంటే ఆ ఊడ పెరుగుతుంది. చోటును బట్టి మారుతుందిగానీ, ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. అంటే అంగుళానికి రెండొందల యాభై ఏళ్లు. మన చేతి జిడ్డు అంటుకుంటే ఆ చోట పెరగడం ఆగిపోవచ్చు కూడా. అలాంటి రాయి మీద ఎవడో మహానుభావుడు మేకుతో తన పేరు, పక్కన ప్లస్సు, తన ప్రేయసి పేరు చెక్కి వెళ్లాడు. వాడు కూడా హెల్మెట్ పెట్టుకోలేదు, కాబట్టి నా వాదనకి వాడొక్కడే సాక్ష్యం.

గుహల్లో తిరిగేవాళ్లకి ఒక సూక్తి ఉంది: ఫొటోలు తప్ప ఏమీ తీసుకోకు, అడుగుజాడలు తప్ప ఏమీ వదలకు, కాలాన్ని తప్ప దేన్నీ చంపకు. మూడోది మా క్లబ్బుకి మొదటినుంచీ వచ్చు.

అసలు ఎందుకెళ్తారు అని అడిగితే మా వాళ్లు ప్రకృతి, సాహసం, ఆత్మశోధన అని ఏవేవో చెప్తారు. నమ్మకండి. పాతాళగంగ దగ్గర సిగ్నల్ రాదు. శనివారం మధ్యాహ్నం "ఒక్క చిన్న కాల్, ఐదు నిమిషాలే" అనే మనిషికి 'మీరు ప్రయత్నిస్తున్న చందాదారుడు అందుబాటులో లేరు' అని వినిపించే చోటు మాకు ఇంతకన్నా దగ్గర్లో దొరకలేదు. మా కార్యదర్శి అక్కడ ఫోన్ పైకెత్తి, ఒక్క గీత కూడా లేదని నిర్ధారించుకుని, రాతికి వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. అంత ప్రశాంతంగా వాడి ముఖాన్ని వాడి పెళ్లిలో కూడా చూడలేదు. బయటికొచ్చి మెట్లెక్కగానే నలభై మెసేజీలు ఒకేసారి టింగుమన్నాయి, వాడి ముఖం మళ్లీ సోమవారంలా అయిపోయింది.

బయట పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర నీడలో ఇందాకటి పెద్దావిడ కనబడింది. తాడిపత్రి నుంచి మనవలతో వచ్చిందట. సూటు జిప్పు దించుకుని ఆవిరి వదులుతున్న మా నలుగుర్ని చూసి, డబ్బా మూత తీసి, విస్తరాకు చింపి చిత్రాన్నం పెట్టింది. వేరుశనగలు బాగా వేయించినవి. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను, అది వేరే సంగతి. తింటుంటే చెప్పింది: "మా నాయన ఈడ మేకలు కాసేటోడు. మేక బిలంలో పడితే మోకేసుకుని దిగి, ఎత్తుకొచ్చేటోడు."

"హెల్మెట్?" అన్నాడు మా భద్రతాధికారి.

"మేకకా?" అంది ఆవిడ.

అందుకే ప్రభుత్వానికి నా విజ్ఞప్తి. రూళ్లు చదివి, టీషర్టులు కుట్టించుకుని, దివాన్‌కాట్ కింద సాధన చేసిన మాలాంటి వాళ్లకి గుహల్లో వేరే లైను పెట్టాలి. మేము పాకుతున్నప్పుడు పక్కనుంచి నడిచి వెళ్లడాన్ని నిషేధించాలి. బిలంలో పడే మేకలకి ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలి.

ఆదివారం పొద్దున ఒళ్లంతా పులిసిపోయి పడుకుని ఉంటే మా ఆవిడ వచ్చి, "అటక మీద ఆవకాయ జాడీ దించండి" అంది. ఈ మాట కిందటి ఏడు కూడా అంది. అప్పుడు నడుం నొప్పి అన్నాను. కిందటి రోజే 150 అడుగుల లోతుకి దిగొచ్చినవాడు ఎనిమిది అడుగుల ఎత్తు ఎక్కలేనంటే బాగుండదు కదా. మీరే ఆలోచించండి, లోపల రెండున్నర అడుగుల సందు, చీకటి, పైగా ఆ అటక వేసింది బేతంచర్ల నాపరాయితో. అదీ కర్నూలు సీమ సున్నపురాయే. ప్యాడ్లు కట్టుకున్నాను, హెల్మెట్ పెట్టుకున్నాను, పావుగంటలో రాకపోతే అధ్యక్షుడికి ఫోన్ చెయ్యమన్నాను. "రాకపోతే మేము తినేస్తాం" అంది.

లోపలికి పాకాను. పెళ్లికి వచ్చిన గోడ గడియారాలు ఆరు, పగిలిన క్రికెట్ బ్యాటు, ఎవరిదో తెలియని సూట్‌కేసు. సగం దూరంలో హెడ్‌ల్యాంపు పోయింది. రెండోది కారులో ఉంది. మూడోదానికి చార్జింగ్ లేదు. తల ఎత్తబోయి నాపరాయికి ఠంగున కొట్టుకున్నాను, రెండేళ్లలో మొదటిసారి హెల్మెట్ పనికొచ్చింది. ఊపిరి వదిలాను, జరిగాను, సూట్‌కేసుకీ కప్పుకీ మధ్య ఇరుక్కున్నాను. ఆ చీకట్లో ఫోన్ మాత్రం మోగింది. ఇక్కడ సిగ్నల్ ఫుల్లు.

"జాడీ ఈ అంచునే ఉంది కదండీ" అంటున్నారు కింద మా అత్తగారు. స్టూలు జరిపిన చప్పుడు, జాడీ దించిన చప్పుడు, ఇద్దరూ వంటింట్లోకి వెళ్లిపోయిన చప్పుడు వినిపించాయి.

నేను వెనక్కి పాక్కుంటూ దిగేసరికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. క్లబ్బు రిజిస్టర్‌లో దీన్ని కూడా రాయమని అడిగాను. భద్రతాధికారి ససేమిరా అంటున్నాడు. నలుగురు లేరు కాబట్టి లెక్కలోకి రాదట.