కండ కరుగుతున్న క్యాన్సర్ రోగిని మంచం దిగనివ్వకూడదా?

"క్యాన్సర్ రోగికి కండ కరిగిపోతోందంటే ఒంట్లో శక్తి అయిపోయినట్టే. వ్యాయామం చేయిస్తే ఉన్న కాస్తా పోతుంది. పూర్తి విశ్రాంతి ఇచ్చి బలమైన తిండి పెట్టండి, కండ తిరిగొస్తుంది." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ సారాంశం ఇది. పంపేవాళ్లు ప్రేమతోనే పంపుతున్నారు, కాదనను. కానీ నష్టం రోగికి.

ముందు విశ్రాంతి సంగతి. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఒక్క కాళ్లలోనే దాదాపు 1 కిలో కండ పోయింది. ఆరోగ్యవంతుల సంగతే అదైతే రోగి మాటేమిటి? జబ్బు తినేది ఎలాగూ తింటోంది. దానికి తోడు మంచం తినేదాన్ని మనమే జాలిపడి కలుపుతున్నాం.

"బలమైన తిండి చాలు" అన్నది సగం నిజం. కిలో బరువుకు రోజుకు 1 గ్రాము కంటే ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ చెబుతోంది. కాబట్టి తిండి తప్పదు. అయితే క్యాన్సర్‌లో కండ కరగడం తిండి లేక చిక్కిపోవడం లాంటిది కాదు. డాక్టర్లు దీన్ని కెకెక్సియా అంటారు. ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) రేపే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు పెరిగి, కండలోని ప్రొటీన్ విరిగిపోవడం ఎక్కువవుతుంది, కొత్తది తయారవడం తగ్గుతుంది. మామూలు పోషకాహారంతో ఇది పూర్తిగా వెనక్కి రాదని 2011లో నిపుణులు కుదుర్చుకున్న నిర్వచనంలోనే ఉంది. తిన్న ప్రొటీన్ కండకు పట్టాలంటే ఆ కండకు కాస్త పని కూడా పడాలి.

ఇక "ఉన్న శక్తి పోతుంది" అన్న భయం. ఇది రాసినాయన కళ్లముందు జిమ్ ఉన్నట్టుంది! ఫిజియోథెరపిస్టు చాలామందితో మొదలుపెట్టించేది కుర్చీలోంచి లేవడం. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడాలి, మెల్లగా కూర్చోవాలి. రెండోసారికే తొడలు వణుకుతాయి. మూడోసారి చెయ్యి కుర్చీ మీద ఆనుతుంది. ఆ పూటకి అంతే, వ్యాయామం అయిపోయింది. తర్వాత రబ్బరు బ్యాండు, కొద్దిపాటి నడక. చికిత్స సమయంలో వచ్చే అలసట దీనివల్ల పెరగదు సరికదా, తగ్గుతుంది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స సాగుతున్నవాళ్లకు వ్యాయామం సూచించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లోనే చెప్పింది.

అలాగని "వ్యాయామంతో కండంతా తిరిగొస్తుంది" అని ఇంకో ఫార్వర్డ్ పుట్టించకండి. కెకెక్సియా రోగులకు వ్యాయామంపై 2021లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష వెతికితే దొరికిన ట్రయల్స్ నాలుగే, అందులో ఉన్నది 178 మంది. ఏదీ గట్టిగా తేల్చలేకపోయారు. వ్యాయామం, పోషకాహారం, వాపు తగ్గించే మందు కలిపి ఇచ్చిన మెనాక్ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఆరు వారాల్లో బరువు తగ్గకుండా నిలిచింది, కండలో మాత్రం తేడా కనిపించలేదు.

ఫార్వర్డ్‌లోని భయానికి చోటున్నది ఒక్కచోటే. క్యాన్సర్ ఎముకలకు పాకినా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, జ్వరం ఉన్నా సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు. ఈసారి అపాయింట్‌మెంట్‌కి వెళ్లినప్పుడు "ఏ కదలికలు వద్దు?" అని డాక్టర్‌ని అడిగి, చీటీ మీద రాయించుకోండి.