మందుల కిటికీ వెనుక ఎవరు?

ఫార్మసిస్టు డ్యూటీ దిగిపోయాక సర్కారు ఆస్పత్రి మందుల కిటికీలోంచి చీటీ అందుకునే చెయ్యి ఎవరిదో ఎస్.కోట నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ పాఠకుడికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అటెండరు ఉంటే అటెండరు, లేదంటే పక్క వార్డులో ఊపిరాడకుండా తిరుగుతున్న స్టాఫ్ నర్సు. దీనికి పెట్టుకున్న పేరు సర్దుబాటు. ఒక రాత్రి సర్దుబాటు వారానికి పాకుతుంది, వారం ఏడాదవుతుంది, ఆ తరువాత అదే పద్ధతైపోతుంది. ఇదే పని బజారులో మెడికల్ షాపు యజమాని చేస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇస్తారు, లైసెన్సు సస్పెండవుతుంది. కావాల్సిందే. మరి ఆస్పత్రికి ఆ రూలు లేదా?

ఉంది. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప వేరెవరూ డాక్టరు చీటీ మీద మందు ఇవ్వరాదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డాక్టరు తన రోగికి తాను ఇచ్చే మందుకూ, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఉంటే మరో డాక్టరు రోగికి ఇచ్చే మందుకూ మాత్రమే అందులో వెసులుబాటు. సర్కారు ఆస్పత్రులకు అమ్మకపు లైసెన్సు అక్కర్లేదని డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ కె మినహాయించింది. కానీ అర్హత ఉన్న మనిషి చేతనో, ఆ మనిషి పర్యవేక్షణలోనో మందులివ్వాలన్న షరతు కూడా అక్కడే రాసింది. మినహాయింపు తీసుకున్నారు, షరతు మరిచారు. బజారులో నేరమైనది ఆస్పత్రిలో సర్దుబాటు ఎలా అవుతుందో ఎవరైనా చెప్పాలి.

పోస్టులు లేవంటారు, డబ్బు లేదంటారు. ఫార్మసిస్టు వార్డులోకి వస్తే వైద్యంలో వేలు పెట్టినట్టని కొందరు డాక్టర్ల అభ్యంతరం. ఈ మాటలు ఏళ్ల తరబడి వింటున్నాం. వీటితో ఒక్క తప్పు డోసు కూడా ఆగలేదు.

ఇన్సులిన్ సంగతే చూడండి. ఆస్పత్రుల్లో మామూలుగా వాడే వయల్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. పెన్నులో పెట్టే మందులోనూ, కొన్ని వయల్స్‌లోనూ 100. సిరంజీలూ రెండు రకాలే, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. రాత్రి ట్యూబ్‌లైటు కింద, హడావుడిలో ఆ రంగుల తేడా కంటికి ఆనదు. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు, డాక్టరు డోసు పెంచుతారు. ఆ పెంచిన డోసునే రోగి ఇంట్లో సరైన సిరంజీతో వేసుకుంటే షుగరు పడిపోయి తెల్లారేసరికి స్పృహ ఉండదు. అటూ ఇటూ అయి 100 వయల్‌ను ఎర్ర మూత సిరంజీతో 20 గీతకు లాగితే వెళ్లేది 50 యూనిట్లు. వయల్, సిరంజీ రెంటినీ జతచేసి, గీత మీద వేలు పెట్టి చూపించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఫార్మసిస్టువి.

పిల్లల జ్వరం మందుదీ ఇదే కథ. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఇవ్వాలంటే 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాములుండే సిరప్ 6 మి.లీ., 250 ఉండే సిరప్ 3 మి.లీ., మి.లీ.కు 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర. చీటీలో ‘5 మి.లీ.’ అని మాత్రమే ఉండి, చేతికి దొరికింది డ్రాప్స్ సీసా అయితే బిడ్డ నోట్లో పడేది 500 మిల్లీగ్రాములు. రోజుకు నాలుగుసార్లు అలాగే పోస్తే కాలేయం దెబ్బతింటుంది.

వార్డులో ప్రమాదం ఇంకా దగ్గర. పొటాషియం క్లోరైడ్ పది మి.లీ. ఆంప్యూల్ చూడడానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లాగే ఉంటుంది. సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. వార్డు ట్రాలీ మీద అది ఉండనే కూడదు, విడిగా తాళంలో, ఎర్ర చీటీతో ఉండాలి. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డ కడుతుంది, నార్మల్ సెలైన్‌లోనే వేయాలి. ఇవి తెలిసిన మనిషిని రోజంతా ఇండెంట్లకూ, మందుల నిల్వల లెక్క రాసే ఈ-ఔషధి కంప్యూటర్ ఎంట్రీలకూ కట్టేసి, వార్డు ముఖం చూడనివ్వకపోవడం మన దగ్గర పరిపాలన!

కిడ్నీ జబ్బులతో నలిగే ఉద్దానంలో దీన్ని ఒక్కరోజు కూడా ఉపేక్షించడానికి వీల్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, మంచిదే. కానీ కవిటి, కంచిలి, సోంపేట మనిషి మోకాళ్ల నొప్పితో ముందు వెళ్లేది ఇంటి దగ్గరి ఓపీకి. బీపీకి ఎనలాప్రిల్, కాళ్ల వాపుకు ఫ్రూసెమైడ్ అప్పటికే మింగుతుంటాడు. దాని మీద నొప్పి బిళ్ల డైక్లోఫెనాక్ పడితే, మూడూ కలిసి మిగిలిన కాస్త కిడ్నీనీ మూసేస్తాయి. కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె 30 కంటే దిగితే షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఆపాలి. యాంటీబయాటిక్ జెంటామైసిన్ డోసుల మధ్య ఎడం పెంచాలి. ఇంటి నుంచి తెచ్చిన మందుల కవర్లన్నీ బల్ల మీద పోయించి, చీటీ మీద కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె చూసి, అనుమానం వస్తే డాక్టరుకు ఫోను చేసే మనిషి కిటికీ వెనుక ఉండాలి. అటెండరుకు ఇది తెలియాలనుకోవడం అతనికీ అన్యాయమే.

ఇక కత్తెర. పది బిళ్లల స్ట్రిప్పును మూడుగా కత్తిరించి ఇస్తారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క కౌంటర్‌లోనే మిగులుతుంది. రోగి చేతిలో పేరూ తేదీ లేని వెండిరేకు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ కూడా ఇలా వెళితే, పక్కనే అదే పసుపు రంగులో రోజువారీ ఫోలిక్ యాసిడ్ ఉంటే, చదువురాని మనిషి రెంటినీ రోజూ మింగుతాడు. రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కవరు మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాసి, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ఒడియా పెద్దామెకైతే ఆమె భాషలో చెప్పించి, తిరిగి ఆమె నోట అనిపించుకోవాలి. రోగికి మందు వాడకం వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతూనే ఉన్నాయి.

మనుషులు లేరా? 2008లో ఫార్మ్.డి కోర్సు వచ్చింది. ఆరేళ్ల చదువు, చివరి ఏడాది ఆస్పత్రిలోనే ఇంటర్న్‌షిప్. వార్డు రౌండుకు తర్ఫీదైన పిల్లలు ఏటా బయటికొస్తున్నారు. వాళ్లకు సర్కారు ఆస్పత్రిలో పోస్టు పెట్టరు, కిటికీని మాత్రం ఎవరికి పడితే వారికి అప్పగిస్తారు. షాపువాణ్ణి ఫార్మసిస్టు ఏడని గద్దించే ప్రభుత్వానికి తన గడపలో ఆ ప్రశ్న వినబడదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యాధికారులకు ఒకటే మాట. ఈ వారంలో ఒక రాత్రి పది గంటలకు, ముందుగా కబురు పెట్టకుండా, చీటీ పట్టుకుని మీ ఆస్పత్రి కిటికీ ముందు వరుసలో నిలబడండి. మందు ఇచ్చిన మనిషిని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. లేకపోతే, బజారులో షాపుకు ఇచ్చే నోటీసే ఆ ఆస్పత్రి సూపరింటెండెంటుకు ఇవ్వండి. ఆ సంతకం పెట్టే ధైర్యం లేనప్పుడు షాపుల మీద దాడులకు వెళ్లే హక్కు మీకెక్కడిది?