కోడి కంపెనీది, కంపు ఊరిది

2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులో, తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్లను గోతుల్లో పూడ్చారు. చికెన్ అమ్మకాలు పడిపోయి, మళ్లీ పుంజుకున్నాయి. వైరస్ గురించి మాట్లాడినవారిలో, వేల కోళ్లను ఒకే కప్పు కింద కుక్కే పద్ధతిని ప్రశ్నించినవారు తక్కువ.

ఒప్పంద పద్ధతిలో నడిచే బ్రాయిలర్ షెడ్డు సంగతి చూడండి. ఒకరోజు వయసు పిల్లలను కంపెనీ దింపుతుంది. దాణా, మందులు దానివే. కోళ్లను ఎప్పుడు ఎత్తాలో చెప్పేదీ అదే. షెడ్డు, కరెంటు, నీళ్లు, నేల మీద పరిచే వరి ఊక, రాత్రింబవళ్ల చాకిరీ మాత్రం రైతువి. ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలకు పైగా తూగే కోళ్లు లారీ ఎక్కుతాయి. రైతుకు కిలోకు ఇంతని పెంపకం కూలి ముడుతుంది. షెడ్డులో మిగిలేవి రెట్టతో ముద్దయిన ఊక, చచ్చిన కోళ్లు. మొత్తం వ్యవహారంలో రైతుకు పూర్తిగా దఖలుపడే సొత్తు ఈ రెండే! ఊకను ఎరువుగా అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయన్నది నిజమే. వానల్లో కొనేవాడు రాకపోతే అది షెడ్డు వెనకే కుళ్లుతుంది.

గుడ్ల ఫారాల్లో ఈ బెడద ఇంకా పెద్దది. ఒక్కో కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. లక్ష కోళ్లుంటే రోజుకు పది టన్నులు. పంజరాల కింద నెలల తరబడి పేరుకునే ఆ గుట్టల నుంచి వచ్చే అమోనియా కళ్లు మండిస్తుంది. తడి తగిలితే ఈగలు ముసురుతాయి, పక్క ఊళ్లో కంచం ముందు కూర్చోలేరు. రెట్టలోని నత్రజని నేలలోకి ఇంకి బావినీళ్లలో నైట్రేట్‌గా తేలుతుంది. కోళ్ల వ్యర్థాలు చేపల చెరువులకు మేతగా పోవడం కొల్లేరు చుట్టుపక్కల కొత్త కబురేమీ కాదు.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. బడిపిల్లల కంచంలో గుడ్డు ఉండాలని మేమూ కోరుకుంటాం. అయితే దాన్ని చవగ్గా ఉంచుతున్న ఖర్చులో కొంత ఫారం పక్కన బతికేవాళ్లు కడుతున్నారు. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించాల్సి వచ్చిందంటే, కోళ్లను కిక్కిరిసేలా పెంచడం ఎంతదాకా తెచ్చిందో చూడండి.

చట్టం లేదా అంటే, ఆలస్యంగానైనా వచ్చింది. లక్షలోపు కోళ్లున్న ఫారాలకు అనుమతి అక్కర్లేదంటూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2015 నాటి మార్గదర్శకాలు ఇచ్చిన మినహాయింపును జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020లో తప్పుపట్టింది. ఆ తర్వాతే 5,000 కోళ్లకు మించిన ఫారాలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందాలన్న నిబంధన వచ్చింది. ఇక్కడే పెద్ద సందు ఉంది. లెక్క షెడ్డుకు కడుతున్నారు, కంపెనీకి కాదు. నాలుగువేల చొప్పున వంద షెడ్లలో కోళ్లు పెంచే సంస్థ చట్టం కంటికి ఆనదు. అప్పుచేసి అయిదువేలు దాటే షెడ్డు వేసుకున్న రైతుకు మాత్రం తాఖీదు అందుతుంది.

కోడి ఎవరిదో రెట్ట బాధ్యతా వారిదే కావాలి. ఒక సంస్థ జిల్లాలో పెంచే కోళ్లన్నింటినీ కలిపి లెక్కగట్టి, దాని పేరు మీదే అనుమతి ఇవ్వాలి. ఎరువు తడవని గోదాములకూ, చచ్చిన కోళ్లను పారవేసే ఏర్పాట్లకూ అయ్యే ఖర్చు ఒప్పందంలోనే కంపెనీ వంతుగా రాయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు ఇకపై ఇచ్చే ప్రతి తాఖీదులో రైతు పేరుకన్నా ముందు కంపెనీ పేరు ఉండాలి.